తుపాకీ చేతులు మారేటప్పుడు
ప్రైవేటు అమ్మకాలపై చట్టం ఏమంటున్నది?



మీ ఇంట్లో పాత సైకిలు ఒకటి ఉందనుకోండి. కొనేవారు దొరికితే డబ్బు తీసుకుని సైకిలు ఇచ్చేస్తారు. ఎవరికీ చెప్పనక్కరలేదు. అదే పాత స్కూటరయితే, అమ్మిన తరువాత ఆ సంగతి రవాణా కార్యాలయానికి తెలియజేయాలి. బండి కొన్నవారి పేరు మీదికి మారాలి. మరి ఒక వ్యక్తి దగ్గర లైసెన్సు ఉన్న తుపాకీ ఉంది. దానిని ఇంకొకరికి అమ్మాలనుకున్నాడు. అప్పుడు ఏం చేయాలి?

తుపాకుల దుకాణం గురించి మనకు కొంత ఊహ ఉంటుంది. దుకాణదారుకు లైసెన్సు ఉంటుంది, రిజిస్టరు ఉంటుంది, అధికారులు వచ్చి తనిఖీ చేస్తారు. కాని అమ్మేవాడు వ్యాపారి కాకుండా మామూలు మనిషయితే? కొనేవాడు అతని స్నేహితుడో చుట్టమో అయితే? తుపాకీ కనుమరుగయ్యేది సాధారణంగా ఇటువంటి చోటనే. ఇటువంటి అమ్మకాలను మన దేశ చట్టం ఎలా చూస్తుందో, అమెరికాలో దీనిపై ఎందుకు అంత వివాదం నడిచిందో, మన చట్టానికి ఉన్న బలహీనతలేమిటో ఈ పాఠంలో తెలుసుకుందాం.

జుగ్సలాయి నుంచి ఒక ఉదాహరణ

జంషెడ్‌పూర్‌ను ఆనుకుని, టాటానగర్ రైల్వే స్టేషను పక్కన జుగ్సలాయి పట్టణం ఉంది. ఇది ఝార్ఖండ్ రాష్ట్రంలోని తూర్పు సింగ్‌భూమ్ జిల్లాకు చెందినది. ఉక్కు కర్మాగారంలోను, రైల్వేలోను పని కోసం ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలు ఈ ప్రాంతంలో తరాలుగా స్థిరపడ్డాయి.

ఇప్పుడు ఒక సందర్భాన్ని ఊహించుకుందాం. సైన్యంలో పనిచేసి వచ్చిన ఒక పెద్దాయన జుగ్సలాయిలో ఉంటున్నారు. బ్యాంకులో కాపలా ఉద్యోగం కోసం లైసెన్సు తీసుకుని జోడు గొట్టాల తుపాకీ కొనుక్కున్నారు. ఇప్పుడు ఉద్యోగం మానేసి శ్రీకాకుళం జిల్లాలోని సొంత ఊరికి వెళ్ళిపోదామనుకుంటున్నారు. తుపాకీ ఇక అక్కరలేదు. పక్క వీధిలో ఉన్న బావమరిది అడిగాడు: "బావా, ఎవరికో అమ్మడమెందుకు? నాకే ఇచ్చెయ్యి. నీ దగ్గరున్నా నా దగ్గరున్నా ఒకటే గదా!"

కుటుంబంలో ఆ మాట సబబుగానే వినిపిస్తుంది. చట్టం మాత్రం దానిని ఒప్పుకోదు.

1959 నాటి ఆయుధాల చట్టంలోని 5వ సెక్షను ప్రకారం తుపాకుల వ్యాపారం చేయాలంటే లైసెన్సు తప్పనిసరి. అయితే సొంత అవసరానికి చట్టబద్ధంగా ఉంచుకున్న తుపాకీని ఒక వ్యక్తి వ్యాపార లైసెన్సు లేకుండానే అమ్మవచ్చునని అదే సెక్షను చెబుతుంది. అంటే ప్రైవేటు అమ్మకం మన దేశంలో నిషిద్ధం కాదు. కాని దానికి షరతులున్నాయి.

మొదటిది, కొనేవారికి ఆ తుపాకీని ఉంచుకునే అర్హత ఉండాలి. అంటే వారికి సొంతంగా లైసెన్సు ఉండాలి.

రెండవది, అమ్మదలచిన సంగతిని, కొనబోయేవారి పేరును, చిరునామాను రాతపూర్వకంగా జిల్లా మేజిస్ట్రేటుకు గాని, దగ్గరలోని పోలీసు స్టేషను అధికారికి గాని ముందుగా తెలియజేయాలి.

మూడవది, అలా తెలియజేసిన తరువాత కనీసం 45 రోజులు గడవాలి. అప్పటిదాకా తుపాకీ చేతులు మారకూడదు.

స్కూటరుకూ తుపాకీకీ ఉన్న తేడా ఇక్కడ గమనించండి. స్కూటరు అమ్మిన తరువాత తెలియజేస్తాం. తుపాకీ సంగతి అమ్మకముందే తెలియజేయాలి. స్కూటరు కాగితాలలో పొరపాటు జరిగితే తరువాత దిద్దుకోవచ్చు. తుపాకీ చేరకూడని చేతికి చేరిన తరువాత దిద్దుకోవడానికి వ్యవధి ఉండకపోవచ్చు. అందుకే చట్టం జాగ్రత్తను అమ్మకానికి ముందు పెట్టింది.

మన ఉదాహరణలోని పెద్దాయన జుగ్సలాయి పోలీసు స్టేషనులో గాని, జిల్లా మేజిస్ట్రేటు కార్యాలయంలో గాని రాతపూర్వకంగా తెలియజేయాలి. ఝార్ఖండ్‌లో జిల్లా మేజిస్ట్రేటు బాధ్యతను డిప్యూటీ కమిషనరు నిర్వహిస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో మనం కలెక్టరుగారని పిలిచే అధికారికి అక్కడ ఆ పేరు. హైదరాబాదు వంటి పోలీసు కమిషనరేట్లలో ఆయుధాల లైసెన్సుల బాధ్యత పోలీసు కమిషనరుది. 45 రోజులు గడిచాక కూడా పని పూర్తయినట్టు కాదు. తుపాకీ వివరాలు అమ్మినవారి లైసెన్సు నుంచి తొలగి, కొన్నవారి లైసెన్సులో నమోదు కావాలి.

ఎవరికి అమ్మకూడదు?

కొనేవారి అర్హతను కూడా చట్టం స్పష్టంగా చెప్పింది. 21 ఏళ్ళు నిండనివారు తుపాకీ కొనకూడదు. హింసతోగాని, నైతిక పతనంతోగాని కూడిన నేరానికి జైలు శిక్ష పడినవారు శిక్ష ముగిసిన తరువాత కూడా 5 సంవత్సరాలు కొనరాదు. మతిస్థిమితం లేనివారికి కూడా ఈ నిషేధం వర్తిస్తుంది.

ఈ బాధ్యత కొనేవారిది మాత్రమే కాదు. అనర్హుడని తెలిసినా, తెలుసుకోవడానికి తగిన కారణం ఉన్నా అతనికి అమ్మడం తప్పు. ఎదుటివారికి అర్హత ఉందో లేదో తెలుసుకోకుండా ఆయుధాన్ని అప్పగించడం కూడా 29వ సెక్షను కింద నేరం. "అతను మంచివాడే అనుకున్నాను" అన్న మాట సరిపోదు. లైసెన్సు చూడాలి.

ఇంకొక షరతు తుపాకీకే సంబంధించినది. తయారీదారు పేరు, సంఖ్య లేదా గుర్తింపు ముద్ర లేని తుపాకీని అమ్మకూడదు. మనిషికి పేరు ఎటువంటిదో తుపాకీకి ఆ సంఖ్య అటువంటిది. నేరస్థలంలో తుపాకీ దొరికితే, ఆ సంఖ్యను పట్టుకునే అది ఎవరి నుంచి ఎవరికి వెళ్ళిందో వెతుకుతారు. మధ్యలో ఒక్క అమ్మకం కాగితం మీదికి ఎక్కకపోయినా ఆ దారి అక్కడ తెగిపోతుంది.

ఇంటి పెద్ద పోయిన తరువాత

తుపాకీ యజమాని మరణిస్తే దానిని కొడుకు తన బీరువాలో పెట్టుకోవచ్చా? చాలా కుటుంబాలలో తెలియక జరిగే పని ఇది. లైసెన్సు మనిషికి ఇచ్చినదే గాని ఇంటికి ఇచ్చినది కాదు. యజమాని మరణంతోనో, లైసెన్సు గడువు తీరడంతోనో తుపాకీని ఉంచుకునే హక్కు పోతే, దానిని ఆలస్యం చేయకుండా పోలీసు స్టేషనులో గాని, లైసెన్సు ఉన్న డీలరు వద్ద గాని జమచేయాలని 21వ సెక్షను చెబుతుంది. వారసులు కావాలనుకుంటే తమ పేరున లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవచ్చు. లైసెన్సు వచ్చాకే తుపాకీ వారి చేతికి వస్తుంది.

ఈ చట్టం ఎలా వచ్చింది?

1857 తిరుగుబాటు తరువాత బ్రిటిషు ప్రభుత్వం భారతీయుల చేతిలో ఆయుధాలు ఉండకూడదని భావించింది. లిట్టన్ వైస్రాయిగా ఉన్న కాలంలో, 1878లో, ఆయుధాల చట్టం వచ్చింది. లైసెన్సు నిబంధన భారతీయులకు, మినహాయింపు యూరోపియనులకు. అందుకే జాతీయోద్యమ నాయకులు దీనిని అవమానకరమైన చట్టంగా చూశారు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు అనుచరులతో వరుసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడిచేసి తుపాకులు తీసుకువెళ్ళిన సంగతి మీరు చరిత్రలో చదివే ఉంటారు. తుపాకులు పోలీసు స్టేషన్లలోనే ఎందుకు వెతకవలసి వచ్చిందో ఇప్పుడు మీకు అర్థమవుతుంది.

1931లో కరాచీ కాంగ్రెసు తీర్మానం, నిబంధనలకు లోబడి ఆయుధం ఉంచుకునే హక్కును పౌరుల హక్కులలో చేర్చింది. 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ ఆ హక్కును ప్రాథమిక హక్కులలో చేర్చాలని సవరణ ప్రతిపాదించారు. డాక్టర్ అంబేద్కర్ దానిని వ్యతిరేకించారు, సభ ఆమోదించలేదు. కాబట్టి మన దేశంలో తుపాకీ ఉంచుకోవడం రాజ్యాంగం ఇచ్చిన ప్రాథమిక హక్కు కాదు. చట్టానికి లోబడి ప్రభుత్వం ఇచ్చే అనుమతి.

స్వతంత్ర భారతదేశం 1878 చట్టాన్ని తొలగించి 1959లో కొత్త చట్టం చేసింది. అది 1962 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. 2016లో కొత్త ఆయుధాల నియమావళి వచ్చింది. 2019 సవరణ ఒక వ్యక్తి ఉంచుకోగల తుపాకుల సంఖ్యను 3 నుంచి 2కు తగ్గించింది. లైసెన్సు కాలాన్ని 3 సంవత్సరాల నుంచి 5 సంవత్సరాలకు పెంచింది.

అమెరికాలో తుపాకుల ప్రదర్శనలు

ఇప్పుడు అమెరికా సంగతి చూద్దాం. మన సంతలో కూరగాయలు, బట్టలు, పశువులు అమ్ముతారు. అమెరికాలో అనేక ఊళ్ళలో శని, ఆదివారాలు పెద్ద హాలు అద్దెకు తీసుకుని తుపాకుల ప్రదర్శనలు పెడతారు. బల్లలు వరసగా వేసి తుపాకులు, తూటాలు, పాత యుద్ధ వస్తువులు అమ్ముతారు. ఆ బల్లల వెనుక రెండు రకాల వారు ఉంటారు. ఒకరు లైసెన్సు ఉన్న వ్యాపారులు. రెండవవారు తమ సొంత తుపాకులు అమ్ముకునే ప్రైవేటు వ్యక్తులు.

1993లో వచ్చిన బ్రేడీ చట్టం ప్రకారం లైసెన్సు ఉన్న వ్యాపారి అమ్మే ముందు కొనేవారి పూర్వచరిత్ర తనిఖీ జరగాలి. 1998 నవంబరు నుంచి ఈ తనిఖీ కంప్యూటరు ద్వారా, చాలాసార్లు నిమిషాలలో జరుగుతున్నది. కాని వ్యాపారి కాని వ్యక్తి అమ్మితే ఈ తనిఖీ అవసరమని సమాఖ్య చట్టం అనలేదు. ఒకే హాలులో ఒక బల్ల దగ్గర తనిఖీ ఉంది, పక్క బల్ల దగ్గర లేదు. దీనినే అక్కడివారు 'గన్ షో లొసుగు' అంటారు.

1999 ఏప్రిల్ 20న కొలరాడో రాష్ట్రంలోని కొలంబైన్ హైస్కూలులో ఇద్దరు విద్యార్థులు కాల్పులు జరిపారు. ఆ రోజున 12 మంది విద్యార్థులు, ఒక ఉపాధ్యాయుడు చనిపోయారు. వాడిన నాలుగు తుపాకులలో మూడింటిని 18 ఏళ్ళు నిండిన ఒక స్నేహితురాలు తుపాకుల ప్రదర్శనలో ప్రైవేటు అమ్మకందారుల నుంచి వారికోసం కొనిపెట్టింది. తనిఖీ ఉండి ఉంటే తాను కొనేదానిని కాదని ఆమె తరువాత చెప్పింది.

2000 నవంబరులో కొలరాడో, ఆరెగాన్ రాష్ట్రాల ఓటర్లు ఈ విషయంపై నేరుగా ఓటు వేశారు. తుపాకుల ప్రదర్శనలలో జరిగే ప్రతి అమ్మకానికి తనిఖీ ఉండాలన్న ప్రతిపాదన రెండు చోట్లా నెగ్గింది. కొలరాడోలో సుమారు 70 శాతం మంది దానిని బలపరిచారు. తరువాత కొలరాడో 2013లో, ఆరెగాన్ 2015లో ఈ నియమాన్ని ప్రదర్శనల బయట జరిగే ప్రైవేటు అమ్మకాలకు కూడా విస్తరించాయి. దేశమంతటికీ ఇటువంటి నియమం తేవాలని 2013లో సెనేటులో చేసిన ప్రయత్నానికి అనుకూలంగా 54 ఓట్లు వచ్చాయి. అవసరమైనవి 60. అది వీగిపోయింది. 2022లో ఒక సమాఖ్య చట్టం 'తుపాకుల వ్యాపారి' అనే మాటకు అర్థాన్ని విస్తృతం చేసింది. దానిని అనుసరించి 2024లో వచ్చిన నిబంధన కోర్టు వివాదాలను ఎదుర్కొన్నది.

వ్యతిరేకించేవారి వాదన కూడా మనం వినాలి. తుపాకీ హక్కు తమ రాజ్యాంగం రెండవ సవరణలోనే ఉన్నదని వారంటారు. తండ్రి కొడుక్కి, స్నేహితుడు స్నేహితుడికి ఇచ్చే తుపాకీలో ప్రభుత్వ జోక్యం ఎందుకని అడుగుతారు. నేరస్థులు ప్రదర్శనలకు వచ్చి కొనరని కూడా వాదిస్తారు. ఈ చివరి మాటకు కొంత ఆధారం ఉంది. 2016లో అమెరికా న్యాయశాఖ ఖైదీలను సర్వే చేసింది. నేరం చేసినప్పుడు తుపాకీ దగ్గరున్న ఖైదీలలో, దానిని ప్రదర్శనలో సంపాదించామన్నవారు 1 శాతం లోపే. వీధిలో, చాటుమాటు బజారులో సంపాదించామన్నవారు సుమారు 43 శాతం.

ఈ అంకెలను జాగ్రత్తగా చదవాలి. చివరి చెయ్యి తుపాకీని ఎక్కడ అందుకున్నదో అవి చెబుతున్నాయి. అది అంతకు ముందు ఏ ఏ చేతులు మారి చాటు బజారుకు చేరిందో చెప్పడం లేదు. చాటు బజారులోని తుపాకీ కూడా ఏదో ఒక రోజున ఒక తయారీదారు దగ్గర పుట్టినదే. కాబట్టి ప్రదర్శన హాలుకు మాత్రమే తాళం వేస్తే సరిపోదన్నది ఒక పాఠం. ప్రతి చేతి మార్పిడీ నమోదు కావాలన్నది రెండవ పాఠం.

ఇంకొక తేడా కూడా గుర్తుపెట్టుకోండి. అమెరికాలో రాష్ట్రాలు తమకు తగిన తుపాకీ చట్టాలు చేసుకోగలవు. అందువల్ల ఒక రాష్ట్రంలో తప్పయినది సరిహద్దు దాటితే తప్పు కాకపోవచ్చు. మన రాజ్యాంగం 7వ షెడ్యూలులో ఆయుధాలు కేంద్ర జాబితాలో 5వ అంశం. ఝార్ఖండ్ శాసనసభ గాని, ఆంధ్రప్రదేశ్ శాసనసభ గాని వేరుగా ఆయుధాల చట్టం చేయలేవు. జుగ్సలాయిలోనూ శ్రీకాకుళంలోనూ అదే 45 రోజుల నియమం. అమలు చేసేది మాత్రం జిల్లా యంత్రాంగం.

మన చట్టం ఎక్కడ బలహీనం?

ఇంత చదివాక మన చట్టం గట్టిదని అనిపిస్తుంది. అయినా మూడు బలహీనతలు చూడాలి.

ఒకటి, 45 రోజుల నియమం సమాచారం ఇవ్వమంటున్నది, వేచి ఉండమంటున్నది. ఆ సమాచారాన్ని ఒక అధికారి చదివి, కొనేవారి లైసెన్సు అసలుదో కాదో, అతనిపై కేసులున్నాయో లేవో చూసినప్పుడే దానికి విలువ. కాగితం ఫైలులో పడి ఉంటే 45 రోజులు ఊరికే గడిచిపోతాయి.

రెండు, శిక్షల మధ్య వ్యత్యాసం. లైసెన్సు లేకుండా తుపాకులు తయారుచేసి అమ్మేవారికి 2019 సవరణ తరువాత కనీసం 7 సంవత్సరాల నుంచి యావజ్జీవం దాకా శిక్ష ఉంది. లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకున్నవారికి 2 నుంచి 5 సంవత్సరాల జైలు, జరిమానా. కాని ముందుగా తెలియజేయకుండా, లేదా 45 రోజులు ఆగకుండా అమ్మినందుకు 25వ సెక్షను చెప్పే శిక్ష 6 నెలల దాకా జైలు లేదా 500 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. తుపాకీ దారి తప్పేది ఈ మెట్టు దగ్గరే అయినప్పుడు, 500 రూపాయల భయం సరిపోతుందా? ఇది మీరు ఆలోచించవలసిన ప్రశ్న.

మూడు, అసలు కాగితం మీదికే రాని తుపాకులు. బీహారులోని ముంగేర్‌లో లైసెన్సు ఉన్న తుపాకుల తయారీ చాలా కాలంగా ఉంది. దాని నీడలోనే దొంగచాటు తయారీ కూడా పెరిగింది. హిందీ ప్రాంతాలలో 'కట్టా' అని పిలిచే నాటు తుపాకీకి సంఖ్య ఉండదు, లైసెన్సు ఉండదు, 45 రోజులూ ఉండవు. దానిని ఆపేది అమ్మకం నియమం కాదు, పోలీసుల దర్యాప్తు. అలాగే లైసెన్సే అక్రమంగా పుడితే అమ్మకం నియమం ఏమీ చేయలేదు. జమ్ము కాశ్మీర్‌లో అనర్హులకు పెద్ద సంఖ్యలో లైసెన్సులు ఇచ్చారన్న ఆరోపణలపై 2018లో సీబీఐ దర్యాప్తు చేపట్టింది. ప్రతి లైసెన్సుకూ ప్రత్యేక గుర్తింపు సంఖ్య ఇచ్చి జాతీయ స్థాయిలో కంప్యూటరులో నమోదు చేయడం ఇటువంటి అక్రమాలను అరికట్టడానికే.

మీకు దీనితో ఏం పని?

తుపాకీ కొనే వయసు మీలో చాలామందికి ఇంకా రాలేదు. అయినా ఈ చట్టం మిమ్మల్ని తాకే సందర్భాలున్నాయి.

స్నేహితుడు ఒక సంచి ఇచ్చి "రెండు రోజులు మీ ఇంట్లో ఉంచు" అన్నాడు. అందులో తుపాకీ ఉందని తెలిసీ ఉంచితే, తుపాకీ మీది కాకపోయినా నేరం మీదవుతుంది. తెలిసి, తన అదుపులో ఉంచుకోవడమే 'స్వాధీనం' అని కోర్టులు చెప్పాయి. 1972లో గున్వంత్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు ఇంకొక సంగతి కూడా వివరించింది. తుపాకీ వేరొకరి చేతిలో ఉన్నా, దానిపై అదుపు మీకుంటే అది మీ స్వాధీనంలో ఉన్నట్టే కావచ్చు. లైసెన్సు ఉన్నవారి ఎదుటగాని, వారి రాతపూర్వక అనుమతితోగాని మరమ్మతుకో, లైసెన్సు పునరుద్ధరణకో తుపాకీని మోయడానికి మాత్రం చట్టం మినహాయింపు ఇచ్చింది. ఫొటో కోసం, వీడియో కోసం చేతికి తీసుకోవడం ఆ మినహాయింపులో లేదు.

పెళ్ళి ఊరేగింపులో సంబరంగా గాలిలోకి కాల్చడం మీరు చూసి ఉండవచ్చు. అజాగ్రత్తగా, ఇతరుల ప్రాణానికి ముప్పు కలిగేలా అలా కాల్చితే 2 సంవత్సరాల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ ఉంటాయి. లైసెన్సు ఉన్నంత మాత్రాన ఈ శిక్ష తప్పదు.

మీ ఇంట్లోనో, చుట్టాల ఇంట్లోనో పాత తుపాకీ ఉంటే దాని లైసెన్సు ఎవరి పేరున ఉంది, గడువు ఎప్పటిదాకా ఉంది అని పెద్దలను అడగండి. గడువు తీరితే ఎక్కడ జమచేయాలో ఇప్పుడు మీకు తెలుసు. బావమరిది మాట మీద తుపాకీ ఇవ్వబోయే పెద్దాయనకు "ముందు స్టేషనులో కాగితం ఇవ్వండి, 45 రోజులు ఆగండి" అని చెప్పగలిగేది మీరే కావచ్చు. ఆ 45 రోజుల వల్ల నిజాయితీగా అమ్మేవారికి పోయేదేమీ లేదు. ఆ వ్యవధిలో ఒక అనర్హుడి సంగతి బయటపడితే, ఒక ప్రాణం నిలబడవచ్చు.

ఆలోచించండి, చర్చించండి

1. స్కూటరు అమ్మకం సంగతి తరువాత తెలియజేస్తాం. తుపాకీ అమ్మకం సంగతి ముందే తెలియజేయాలి. ఈ తేడాకు కారణమేమిటి?
2. ప్రదర్శనలలో అమ్మకాలకు మాత్రమే తనిఖీ పెట్టడం, అన్ని ప్రైవేటు అమ్మకాలకూ పెట్టడం: వీటిలో ఏది మేలు? ఎందుకు?
3. 45 రోజుల నియమాన్ని ఉల్లంఘించినవారికి ఇప్పుడున్న శిక్ష చాలునా? మీ అభిప్రాయాన్ని కారణాలతో రాయండి.
4. ఆయుధాలు కేంద్ర జాబితాలో ఉండడం వల్ల కలిగే లాభాలను, ఇబ్బందులను తరగతిలో చర్చించండి.